ఇనుప డిప్పలో వాచీ

26 ఫిబ్రవరి 2018, సోమవారం

ఈ డైరీ యూనిలో, అంటే మా ఆయన చదివే యూనివర్సిటీలో, స్టాల్ పెట్టి ఊరికే పంచారట. మా ఆయనకు అక్కర్లేదు, అన్నీ ఫోన్లో రాసుకుంటారు. నాకిచ్చారు. ప్రతి పేజీ కిందా యూని గుర్తు ఉంది. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, యూని కాగితం మీద రాస్తున్నాను.

ఎవరి కోసం రాస్తున్నానో తెలియదు. దేశం దాటి ఈ క్లేటన్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఇంట్లో మూడు గదులు. ఒకటి మాది. మిగతా రెండింట్లో మా ఆయన క్లాసువాళ్ళు సంజయ్, ద్వారకానాథ్ ఉంటారు. వాళ్ళు హాల్లో ఉంటే నేను వంటింట్లోకి వెళ్ళను. మంచివాళ్ళే. నాకే మాట పెగలదు.

ఒక సంగతి మాత్రం రాయాలి. నాకు పని దొరికింది. గురువారం నుంచి.

27 ఫిబ్రవరి

ఎలా దొరికిందో రాయలేదు. మొన్న ఆదివారం చర్చి అయ్యాక టీ ఇస్తున్నారు. ఏం చదివావమ్మా అని ప్రిస్సిల్లా ఆంటీ అడిగారు. నా బదులు మా ఆయన, హౌస్‌వైఫ్ ఆంటీ అన్నారు. పక్కనే ఆంటీ భర్త రాయప్ప అంకుల్ నిలబడ్డారు. షాపింగ్ సెంటర్లో ఆయనకు వాచీ రిపేరు షాపు ఉంది. మీ నాన్న ఏం చేస్తాడు అన్నారు. చీరాల బస్టాండు ఎదురుగా వాచీల కొట్టు అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అంకుల్‌కి వినపడింది. నువ్వూ కూర్చునేదానివా అన్నారు. తల ఊపాను. పదకొండేళ్ళు కూర్చున్నానని, నాన్నకు కళ్ళు మసకబారాక సన్నపని అంతా నాదేనని చెప్పలేదు.

అంకుల్ అక్కడికక్కడే చేతి వాచీ విప్పి నా చెవి దగ్గర పెట్టారు. ఏమంటోంది అమ్మాయ్ అన్నారు. కుంటుతోంది అన్నాను. అంకుల్ హాలంతా వినపడేలా నవ్వారు. ముప్పై రెండేళ్ళుగా కాపురం చేస్తున్నా, నాకొక్క ముక్క చెప్పలేదే అన్నారు. వాచీ సంగతా నా సంగతా అని ఆంటీ అడిగారు.

1 మార్చి, గురువారం, ఉదయం 6.10

నాన్న ఇచ్చిన రేకు డబ్బా తీశాను. అందులో ఆయన స్క్రూడ్రైవర్ ఉంది, పిడికి దారం చుట్టింది. పాత రేడియో స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం ఉంది. స్క్రూడ్రైవర్ మొనను దాని మీద మూడుసార్లు ఒకే వైపుకు రుద్దాను. కొట్టు తెరవగానే నాన్న చేసే మొదటి పని అదే. అలా రుద్దితే ఆవగింజలో సగం లేని స్క్రూ కూడా మొనకు అంటుకుని వస్తుంది. కిందపడి మాయమవదు.

అయస్కాంతాన్ని షాపుకు తీసుకెళ్ళను. తుప్పు పట్టి ఉంది, చూస్తే నవ్వుతారు. స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు.

అదే రోజు, సాయంత్రం

షాపు చిన్నది. ఒక పక్క తాళం చెవులు చేసే మెషీన్. ఇంకో పక్క అంకుల్ బల్ల. బల్ల ముందు అద్దం, దారిన పోయేవాళ్ళు నిలబడి చూస్తుంటారు. నేను వెనకాల స్టూలు మీద.

వాచీ విప్పడం, కడగడం, నూనె పెట్టడం అంకుల్ పని. మెషీన్ మీద పెట్టి టైము చూస్తారు. సరిగ్గా ఉంటే నాకిస్తారు. నేను దాన్ని కేసులోకి దింపి, పక్క స్క్రూలు రెండూ బిగించి, మూత వేసి, పట్టీ తగిలించాలి. ఈరోజు రెండు వాచీలు చేశాను.

అంకుల్ చేతులు టీ కప్పు పట్టుకున్నప్పుడు వణుకుతాయి. ట్వీజర్ పట్టుకోగానే ఆగిపోతాయి. చూస్తూ ఉండిపోయాను.

6 మార్చి

నిచ్చెన మీద నుంచి పడ్డ వాచీ వచ్చింది. అద్దం పగిలింది, వాచీ మాత్రం నడుస్తోంది. ఎందుకు నడుస్తోందో చెప్పు అన్నారు అంకుల్. నాకు తెలుసు కానీ చెప్పలేకపోయాను. మూత తీసి వేలితో చూపించాను. బ్యాలెన్స్ చక్రం ఇరుసు మొన వెంట్రుక కంటే సన్నం. పాత వాచీలు కింద పడితే అదే విరిగేది. నాన్న కొట్లో సగం పని విరిగిన ఇరుసులు మార్చడమే. కొత్త వాచీల్లో ఆ మొన ఆనుకునే రాయిని ఒక చిన్న స్ప్రింగు కింద కూర్చోబెడతారు. దెబ్బ తగిలితే రాయి కొంచెం పక్కకు జరిగి, మళ్ళీ తన చోటికి వస్తుంది. ఇరుసు బతుకుతుంది.

అంకుల్ నన్నే చూశారు. తెలిసి కూడా నోరు విప్పవేంటి అమ్మాయ్, నీకూ ఒక స్ప్రింగు పెట్టాలి, లేకపోతే ఇలా బిగుసుకుని కూర్చుని ఒక్క దెబ్బకే పుటుక్కుమంటావు అన్నారు. నవ్వాను. పని మొదలుపెట్టాక నవ్వడం అదే మొదలు.

14 మార్చి

మార్క్ వచ్చాడు. అంకుల్ కొడుకు. ఇక్కడే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. షాపు కాగితాలన్నీ అతనే చూస్తాడు. డాడ్, ఈ బల్ల తీసేస్తే ఫోన్ కవర్ల ర్యాకు పడుతుంది, మీరు ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు అన్నాడు. హాయిగా కూర్చోడానికి నేనేమన్నా సోఫానా అన్నారు అంకుల్. మార్క్ ఆయన చేతులు చూపించాడు. మీ చేతులు వణుకుతున్నాయి, ఏదో రోజు కస్టమర్ వాచీ పాడు చేస్తారు, అప్పుడు పేరు పోతుంది అన్నాడు. పాడు చేసిన రోజున నేనే లేచిపోతా, నువ్వు చెప్పక్కర్లేదు అన్నారు అంకుల్.

22 మార్చి

ఒక వాచీ తిరిగొచ్చింది. రోజుకు తొమ్మిది నిమిషాలు ముందుకు పోతోందట.

3 ఏప్రిల్, మంగళవారం

వేసవి టైము అయిపోయిందని ఈస్టర్ రోజునే ఇక్కడ గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుకున్నారు. ఈరోజు షాపు తెరవగానే గోడ గడియారాలు ఒక్కొక్కటే దింపి తిప్పాను. ఆ పని మధ్యలో ఇంకో మూడు వాచీలు తిరిగొచ్చాయి. అన్నీ మేం బాగు చేసినవే. అన్నీ ముందుకే పరుగు.

అంకుల్ నీలం డబ్బా తీశారు. దాని మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి, వాచీని మెల్లగా పైకి లాగుతారు. అయస్కాంతం వదిలిపోతుందట. అందరూ ఫోన్ కవర్ల మీద వాచీలు పెట్టి పడుకుంటున్నారు, వాటిలో అయస్కాంతాలు ఉంటాయి, చక్రాన్ని ఊపే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని పొట్టివైపోతాయి, అందుకే వాచీ తొందరపడుతుంది అని నాకు చెప్పారు. కస్టమర్లకూ అదే చెప్పారు. మార్క్ వెనక నిలబడి విన్నాడు. ఫోన్ కవర్లు ఈ నెలలోనే కనిపెట్టారా డాడ్ అన్నాడు.

10 ఏప్రిల్

మా ఆయన పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చారు. లాప్‌టాప్ తెరిచి, మణీ ఇటు రావే అన్నారు. ఇక్కడే శాశ్వతంగా ఉండే వీసాకు పనికొచ్చే పనుల లిస్టు. అందులో వాచీ రిపేరు ఉంది. ఆయన చదివే చదువుకు పోటీ ఎక్కువట. నా పనికి ఎవరూ లేరట. పని నేర్చినట్టు, చేసినట్టు ఓనర్ దగ్గర లెటర్ ఉండాలట, ఇంకా ఏవో పరీక్షలు ఉంటాయట. ద్వారకానాథ్ హాల్లోంచి అరిచాడు. ఇవాన్ బావా, ఇప్పుడు నువ్వే హౌస్‌వైఫ్‌వి అన్నాడు.

ఆయనకు కోపం రాలేదు. నా చేతులు పట్టుకుని తిప్పి చూశారు. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో అలా చూడటం ఇదే మొదటిసారి.

15 ఏప్రిల్, ఆదివారం

చర్చిలో లెటర్ గురించి మా ఆయన అంకుల్‌ని అడిగేశారు. అమ్మాయి పని బంగారం, రాయకుండా ఎలా ఉంటా అన్నారు అంకుల్. నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను.

ఇప్పటికి పదకొండు వాచీలు తిరిగొచ్చాయి.

19 ఏప్రిల్

వెల్డింగ్ పని చేసే ఒక పెద్దమనిషి వాచీ తెచ్చాడు. మెడ వెనక ఎర్రగా కాలిన చర్మం. చాలా బరువైన వాచీ. సర్వీసింగ్‌కి మాత్రమే, జబ్బేమీ లేదు.

అంకుల్ మూత తీసి నన్ను పిలిచారు. మూత కింద ఇంకో మూత. ఇది చూడు అమ్మాయ్, మెత్తని ఇనుము డిప్ప అన్నారు. వాచీ మొత్తం అందులో కూర్చుంటుంది. డయల్ కూడా ఇనుమే. బయట నుంచి అయస్కాంతం వస్తే ఆ ఇనుము పట్టుకుని, చుట్టూ తిప్పి, అటు పంపించేస్తుంది. లోపలికి రానివ్వదు. తేదీ కిటికీ కూడా లేదు. చిల్లు పెడితే అందులోంచి దూరుతుందని. వెల్డింగ్ మెషీన్ పక్కన పదిహేనేళ్ళు ఉన్నా దీనికి ఏమీ కాలేదు. చేసినవాడు ఎవడో గానీ దండం పెట్టాలి అన్నారు.

మధ్యాహ్నం అంకుల్ నూనె పెట్టి, మెషీన్ మీద చూసి నాకిచ్చారు. నేను స్క్రూలు బిగించి, డిప్ప మూసి, పై మూత వేశాను. నాన్న స్క్రూడ్రైవర్‌కి ఆ స్క్రూ ఎంత చక్కగా అంటుకుందో.

28 ఏప్రిల్, శనివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి వెల్డర్ వచ్చాడు. షాపు నిండా మనుషులు. వాచీని బల్ల మీద పెట్టాడు, విసరలేదు. రోజుకు పన్నెండు నిమిషాలు ముందుకు పోతోంది అన్నాడు. పదిహేనేళ్ళు మెషీన్ల మధ్య పెట్టుకున్నాను, ఒక్క నిమిషం తేడా లేదు, మీ దగ్గర రెండు రోజులు ఉంచాను, పిచ్చెక్కింది అన్నాడు. అంకుల్ ఫోన్ కవర్ అనబోయి ఆగిపోయారు. ఇనుప డిప్ప ఉన్న వాచీకి ఫోన్ కవర్ ఏం చేస్తుంది.

మూత తీశారు. డిప్ప తీశారు. హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అంటుకుని ఉన్నాయి. కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. చుట్లు అంటుకోవడానికి కారణాలు రెండే. ఒకటి అయస్కాంతం. రెండోది నూనె, చెయ్యి వణికి ఒక్క చుక్క స్ప్రింగు మీద పడినా చాలు. లోపలికి అయస్కాంతం రాలేదు. అంటే నూనె. అంటే చెయ్యి.

ఇది అంకుల్ పైకి అనలేదు. ఆయన ఆలోచన ఒక్కో మెట్టూ దిగడం మొహంలో చూశాను. మార్క్ కూడా చూశాడు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి మిగతా కస్టమర్లను తనే చూసుకున్నాడు. 

అంకుల్ ఆ వాచీని మళ్ళీ కడిగారు. దిక్సూచి దగ్గరా, నీలం డబ్బా మీదా పెట్టలేదు. అవసరం లేదనుకున్నారు. మెషీన్ వైపు కూడా చూడకుండా మూసి ఇచ్చేశారు.

30 ఏప్రిల్

అంకుల్ మార్క్‌తో అన్నారు: ఆ బల్ల తీసేయించు. పాడు చేసిన రోజున లేస్తానన్నా, లేస్తున్నా. మే పంతొమ్మిదికి ట్రక్కు మాట్లాడాడు మార్క్. శనివారం.

నేను తాళం చెవుల దగ్గర ఉండొచ్చట.

2 మే

పని చేస్తూ రోజూ ఈల వేసే అంకుల్ ఇప్పుడు వేయడం లేదు.

6 మే, ఆదివారం

నాన్నకు ఫోన్ చేశాను. వాచీలన్నీ ఎందుకు పరుగెడుతున్నాయి నాన్నా అన్నాను. ఇనుప డిప్పది కూడా చెప్పాను. నాన్న అంతా విన్నారు. నువ్వు నా స్క్రూడ్రైవరే వాడుతున్నావా అన్నారు. అవునన్నాను. రుద్దుతున్నావా. రోజూ రుద్దుతున్నాను. మరి దిష్టి తీస్తున్నావా అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది.

కొట్లో నాన్న దగ్గర ఒక తీగ చుట్ట ఉండేది. పాత కలర్ టీవీలోంచి తీసి, గాజంత చేసి చుట్టుకున్నారు. వాచీ అంతా బిగించాక, ఇచ్చేముందు, స్విచ్ వేసి ఆ చుట్టలోంచి వాచీని దూర్చి మెల్లగా, చాలా మెల్లగా మూరెడు దూరం లాగి, అప్పుడు స్విచ్ ఆపేవారు. చుట్ట జుయ్యిమనేది. ఏంటది అని అడిగితే మీ వాచీకి దిష్టి తీస్తున్నానండి అనేవారు. జనం నవ్వేవారు. విశ్వాసివై ఉండి దిష్టేంటయ్యా అని పాస్టర్ గారు తిట్టారు కూడా. నాకు సిగ్గుగా ఉండేది. గిరాకీ కోసం వేషాలు అనుకున్నాను. ఆ పని నాన్న నాకెప్పుడూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నేనిక్కడికి వచ్చేటప్పుడు చుట్ట కూడా పెట్టుకోవే అంటే వద్దన్నాను.

ఓసి పిచ్చి మొద్దూ, స్క్రూడ్రైవర్‌కి ఎక్కించింది వాచీకి ఎక్కదటే, ఎక్కించింది దించాలి కదటే, మీ వాచీకి అయస్కాంతం పట్టించానండి అని గిరాకీతో చెప్పమంటావా, అందుకే దిష్టన్నా అన్నారు నాన్న. తర్వాత ఆయన గొంతు మారింది. ఎన్నింటికి దించకుండా ఇచ్చావు అన్నారు. తెలియదన్నాను.

ఇనుప డిప్ప బయటి అయస్కాంతాన్ని ఆపుతుంది. నేను డిప్ప తెరిచి లోపల పెట్టి మూశాను.

అంకుల్ నీలం డబ్బా మీద వాచీని మెల్లగా పైకి లాగుతారు. నెలకు పైగా చూస్తున్నాను. నాన్న చెయ్యి కూడా అలాగే వెళ్ళేది. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు.

అదే రోజు, సాయంత్రం

మా ఆయనకు చెప్పాను. లేచి గది తలుపు వేశారు. తర్వాత, లెటర్ తీసుకున్నాక చెబుదువుగానిలే అన్నారు. లెటర్ రావాలంటే ఇంకా కొన్ని నెలలు పని చేయాలిగా, బల్ల పంతొమ్మిదినే పోతుందిగా అన్నాను. డెబ్భై ఏళ్ళ మనిషి మణీ, ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ లేవాలి, మనకు మళ్ళీ ఛాన్స్ రాదు అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. సెమిస్టర్‌లో రెండు పేపర్లు సరిగ్గా రాలేదని నాకు తెలుసు. చెడ్డమనిషి కాదు. భయపడుతున్నారు.

భయం సంగతి నాకు చెప్పనక్కర్లేదు.

9 మే

నాన్న స్క్రూడ్రైవర్ ఇంట్లోనే పెడుతున్నాను. సోమవారం నుంచి చెప్పాలనుకుంటున్నాను. ఈరోజు, అంకుల్ అని పిలిచాను. ఏంటమ్మాయ్ అన్నారు. టీ తెమ్మంటారా అన్నాను.

అంకుల్ తన పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దుతున్నారు. ఇత్తడి ట్వీజర్ ఒకటి నాకిచ్చారు. ఉంచుకో, నీ చెయ్యి వణకదు అన్నారు.

11 మే, శుక్రవారం

చెప్పాను.

షట్టర్ ఎత్తకముందే వెళ్ళాను. మార్క్ కూడా ఉన్నాడు, ర్యాకు కొలతలు తీసుకుంటున్నాడు. బల్ల మీద అంకుల్ దిక్సూచి ఉంది, అయస్కాంతం ఉందో లేదో చూడటానికి. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి దాని పక్కన పెట్టాను. ముల్లు గిర్రున తిరిగి దాని మొన వైపు నిలబడింది. అంకుల్ దాన్ని తీశారు. పెట్టారు. మళ్ళీ తీశారు. నాలుగుసార్లు చేశారు. ఎప్పటి నుంచి అన్నారు. మొదటి రోజు నుంచి అన్నాను. అప్పుడు నాన్న, స్పీకర్, చుట్ట, దిష్టి అన్నీ వరస తప్పి చెప్పాను. నా జీవితంలో ఒక్కసారే అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

పర్వాలేదమ్మా అంటారనుకున్నాను. అనలేదు. కుడిచెయ్యి బల్ల మీద చాపారు. వణుకుతోంది. దాన్నే చూస్తూ అన్నారు: పదమూడు రోజులుగా దీన్ని తిట్టుకున్నాను తెలుసా నీకు. ప్రార్థనలో కూడా ఇదే. ఇది తీసేయి ప్రభువా, కాదంటే నన్నే తీసేయి అన్నాను. నువ్వు నా వెనకే కూర్చున్నావు.

ఆదివారం నుంచి నాకు తెలుసని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను.

మార్క్ కొలత టేపు మూశాడు. సారీ డాడ్ అన్నాడు, కానీ ఎవరి తప్పయినా కస్టమర్లు పోయారు, మనల్ని నమ్మరు, ట్రక్కు వస్తుంది అన్నాడు. అంకుల్ సొరుగు లాగారు. రిపేరు టికెట్ల పుస్తకం నా ముందు పడేశారు. మార్చి నుంచి నీ చేతి మీదుగా వెళ్ళిన ప్రతి వాచీకీ ఫోన్ చెయ్యి. వెనక్కి రప్పించు. నేను చెయ్యను, వాడు చెయ్యడు, నీ నోటితోనే చెప్పు. లెటర్ సంగతి అవన్నీ నా మెషీన్ మీద ఒక రోజు సరైన టైముతో నిలబడ్డాక చూద్దాం అన్నారు.

ముప్పై ఒక్క వాచీలు.

13 మే, ఆదివారం

అంకుల్‌కి చెప్పేశానని మా ఆయన రెండు రోజులు అలిగారు. ఈరోజు చర్చి నుంచి వచ్చాక కాగితం తీసుకుని ఇంగ్లీషులో రాసిచ్చారు. మా వర్క్‌షాప్‌లో చిన్న టెక్నికల్ ఇష్యూ వచ్చింది, దయచేసి వాచీ తీసుకురండి అని. ఎవరి పేరూ లేదు. లెటర్‌కి దెబ్బ తగలకుండా అన్నారు.

వంటింట్లో నిలబడి చదివాను. ద్వారకానాథ్ కస్టమర్‌లా ఫోన్ ఎత్తి, హూ ఈజ్ దిస్, ఐ విల్ సూ యూ అని అరిచాడు. నేను నిజంగానే కాగితం వదిలేశాను. సంజయ్ వాడి నెత్తి మీద కొట్టాడు. వదినా, వీడిలాంటివాళ్ళు ముప్పై ఒకరిలో ఒకరే ఉంటారు, వాడికి ముందు చేసేయండి, మిగతావి తేలిక అన్నాడు. మా ఆయన కూడా నవ్వారు. హాల్లో వాళ్ళతో కలిసి అన్నం తిన్నాను.

14 మే

ముగ్గురికి కాగితం చూసి చదివాను. ముగ్గురూ ఓకే అన్నారు. అంకుల్ తల ఎత్తలేదు.

నాలుగో ఆమె ముసలావిడ. ఫోన్‌లో నెమ్మదిగా అడిగింది. పాపం ఆ పెద్దాయన చేతులు పోయాయటగా, అందుకేనా అంది. కాగితంలో దీనికి జవాబు లేదు. అంకుల్‌కి వినపడుతోంది. కాగితం మడిచాను. నాట్ హిమ్ అన్నాను. ఇట్స్ మీ. ఐ డిడ్ ఇట్. అటు నుంచి థాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ, డార్లింగ్ అంది.

ఆ తర్వాత కాగితం తీయలేదు.

16 మే

పంతొమ్మిది మందికి చేశాను. ఇద్దరు తిట్టారు. ఒకాయన సగంలో పెట్టేశాడు. ఒకామె తీసుకురాను అంది. వాచీ ముందుకు పోతున్నప్పటి నుంచి బస్సు తప్పడం లేదట. ఏం చేయాలో తెలియక అంకుల్‌ని అడిగాను. ఆమె వాచీ, ఆమె టైము, వదిలేయ్ అన్నారు. అయిదు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

వాచీలు వస్తున్నాయి. ఒక్కొక్కటి నీలం డబ్బా మీద నేనే పెట్టి మెల్లగా లాగుతున్నాను. తొందరగా లాగితే వదిలిపోదు. మార్క్ లెక్క చూస్తున్నాడు. ట్రక్కు మానేస్తున్నానని మాత్రం అనలేదు.

17 మే, గురువారం

వెల్డర్‌కి చివరన చేశాను. భయపడే చివరికి పెట్టుకున్నాను. వాచీ మళ్ళీ ముందుకే పోతోందట, ఇంక మీ దగ్గరికి రాకూడదనుకున్నాడట. చెప్పాను. ఇనుప డిప్పలోకి ఎలా వెళ్ళింది, వెళ్ళడానికి వీల్లేదే అన్నాడు. ఓపెన్ అన్నాను. ఐ ఓపెన్. ఐ పుట్ ఇన్‌సైడ్. ఐ క్లోజ్. అతనికి అర్థమైంది. పెద్దగా ఈల వేశాడు.

శనివారం తెస్తాను, ఆ పెద్దాయన బల్ల దగ్గర ఉంటాడా, ఆయనకే ఇస్తాను అన్నాడు. ఉంటారు అన్నాను.

ఫోన్ పెట్టేశాక చూస్తే మార్క్ నా వైపే చూస్తున్నాడు.

19 మే, శనివారం, ఉదయం 9.20

అంకుల్ ఇంకా రాలేదు. మార్క్ కూడా. ట్రక్కు వచ్చింది. ఇద్దరు మనుషులు, చేతులకు గ్లోవ్స్. ఏ బల్ల అని అడిగారు. ఉంటారు అని వెల్డర్‌కి మాటిచ్చాను కదా, నేను వెళ్ళి అంకుల్ కుర్చీలో కూర్చున్నాను. అద్దం అవతల జనం నిలబడి చూస్తున్నారు. అందులో వెల్డర్ కూడా ఉన్నాడేమో. తెరిచి ఉన్న వాచీ ఒకటి ముందుకు లాక్కుని, భూతద్దం ఒక కంటికి పెట్టుకున్నాను. ఇక ఆ కంటికి ఒక్క చక్రం తప్ప ఏమీ కనపడదు. వాళ్ళలో ఒకతను లేవమన్నాడు.

నో అన్నాను. ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో ఇది రాస్తున్నాను.